పాఠకుల ప్రశ్నలు: ‘పేల్ ఫ్లవర్’లో కథ ఎక్కడుంది?

మసహిరో షినోదా దర్శకత్వంలో 1964లో విడుదలైన జపాన్ చిత్రం ‘పేల్ ఫ్లవర్’ను రెండు సంచికల కిందట ఈ శీర్షికలో పరిచయం చేశాం. చూసినవారి ఉత్తరాల్లో మెప్పు ఎంత ఉందో విసుగూ అంతే ఉంది. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి నాలుగు ప్రశ్నలకు జవాబిస్తున్నాం. ముగింపు ప్రస్తావన తప్పదు కనుక, చిత్రం ఇంకా చూడనివారు చివరి ప్రశ్నను పక్కన పెట్టుకోవడం మేలు.

ప్రశ్న (విజయనగరం నుంచి ఒక పాఠకుడు): హత్య చేసి మూడేళ్లు జైల్లో ఉండి వచ్చినవాడు, డబ్బున్న అమ్మాయి, రెండు ముఠాలు ఉన్నా కథ ఒక్క అడుగు ముందుకు వేయదు. గంటన్నర సినిమాలో సగం పేకాటే అనిపించింది. దీన్ని గొప్ప చిత్రమని ఎందుకంటారు?

జవాబు: మీ ఫిర్యాదు ఈనాటిది కాదు. స్క్రీన్‌ప్లే రాసిన మసరు బాబాయే, తన కథను దృశ్యాలూ శబ్దాలూ మింగేశాయని నిర్మాణ సంస్థ షోచికు వద్ద అభ్యంతరం చెప్పారు. విడుదల నెలల తరబడి ఆగిపోయింది. షోచికు అంటే ఇంటింటి కథలకు పేరుపడ్డ సంస్థ, ప్రసిద్ధ దర్శకుడు యసుజిరో ఓజు పనిచేసిన చోటు. షినోదా కూడా ఒకప్పుడు ఓజు దగ్గర సహాయకుడిగా ఉన్నవారే. అలాంటి చోట జూదగృహాన్ని ఇంత తీరిగ్గా చూపించిన చిత్రం పెద్దలకు ఇబ్బందిగా తోచడంలో వింతేమీ లేదు.

అయితే కథ లేదన్న మాటతో ఏకీభవించలేను. కథానాయకుడు మురాకి తన ముఠా కోసం ఎదుటి ముఠా మనిషిని చంపి జైలుకు వెళ్లాడు. అతడు తిరిగొచ్చేసరికి, ఒసాకా నుంచి మూడో ముఠా వచ్చి పడుతుందన్న భయంతో ఆ రెండు ముఠాలూ రాజీపడిపోయాయి. పగ తీరకుండానే మాసిపోయింది, అతడు పోగొట్టుకున్న మూడేళ్లకు లెక్క చెప్పేవాడు లేడు. ఇంత జరిగిన మనిషికి ఇక ముందుకు నడిచే కథ ఎక్కడిది? పందెం బల్ల ముందు కూర్చున్నంతసేపే అతడు బతికి ఉన్నట్టు కనిపిస్తాడు, అందుకే చిత్రం మాటిమాటికీ అక్కడికే తిరిగి వస్తుంది.

ప్రశ్న (హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు): ఆ ఆట ఏమిటో అర్థం కాలేదు, కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను. కారణం ఏమై ఉంటుంది?

జవాబు: ఆ ఆట పేరు తెహోన్‌బికి. పంచేవాడు ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న ముక్కల్లో ఒకదాన్ని ఎవరికీ కనపడకుండా ఎంచుకుని గుడ్డ కింద దాచుతాడు. అది ఏ ముక్కో ఊహించి చుట్టూ ఉన్నవారు పందెం కాస్తారు. గుప్పిట్లో చింతగింజలు బిగించి ‘సరా, బేసా’ అని అడిగిన మన చిన్ననాటి ఆటకు ఇది పెద్దన్న అనుకోండి. ఇక్కడ చేతికొచ్చిన ముక్కల అదృష్టం కన్నా ఎదుటివాడి మనసు చదవడమే ముఖ్యం. అందువల్ల నియమాలు తెలియకపోయినా మీరు చేసిన పని ఆటగాళ్లు చేసే పనే: ముఖాలు చూడడం.

రెండో కారణం చెవిలో ఉంది. ఒక్కసారి ఆ సన్నివేశాన్ని కళ్లు మూసుకుని వినండి. ముక్కలు ఒకదానిమీద ఒకటి పడే టపటపల మధ్య, ఎవరో గట్టి అడుగుల చెప్పులతో నాట్యం చేస్తున్నట్టు వినిపిస్తుంది. అది భ్రమ కాదు. సంగీత దర్శకుడు తోరు తకెమిత్సు ముక్కల చప్పుడులో ట్యాప్ డాన్స్ శబ్దాన్ని కలిపారు. ఎక్కడ ముక్క ఆగి అడుగు మొదలైందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

(జపాన్ నేర ముఠాల మనుషులను పిలిచే ‘యాకుజా’ అన్న మాటకూ పేకతో చుట్టరికం ఉంది. య, కు, జ అంటే ఎనిమిది, తొమ్మిది, మూడు, కలిపితే ఇరవై. చివరి అంకెనే లెక్కపెట్టే ఒక జపాన్ పేకాటలో దాని విలువ సున్నా. పనికిరాని చేతి పేరే పనికిరాని మనిషికి వచ్చింది.)

ప్రశ్న (బెంగళూరు నుంచి ఒక పాఠకుడు): సూటు, నీడలు, రాత్రి రోడ్ల మీద స్పోర్ట్స్ కారు, ఇదంతా పై మెరుగే కదా? కథానాయకుడికి వయసు మీరినట్టు కూడా ఉంది.

జవాబు: వయసు మీరినట్టు ఉండడమే అతడి బలం. ర్యో ఇకెబె అప్పటికి నలభై దాటిన నటుడు, రంగస్థలం మీద మాటలు మరిచిపోయి పరువు పోగొట్టుకుని ఉన్న మనిషి. ఆయన నడక నచ్చి షినోదా ఈ పాత్ర ఇచ్చారు. ఆ భుజాల బరువును అభినయం అని పిలవడానికి నాకు మనసొప్పదు. అదే కాలంలో తోయె సంస్థ మాట కోసం ప్రాణమిచ్చే యాకుజా వీరులను వరుసగా తయారు చేస్తోంది. మురాకికి అలాంటి ధర్మం ఏదీ లేదు, మడత నలగని కోటు మాత్రం ఉంది. మీరు పై మెరుగు అన్నది అతడికి మిగిలిన ఏకైక ఆస్తి.

ఇక లోపం అంటారా, నాకు కనిపించినది వేరు. మూల కూర్చుని మాట్లాడకుండా చూసే యో అనే మత్తుమందుల బానిసను హాంకాంగ్ నుంచి వచ్చిన సగం చైనీయుడిగా పెట్టి, కీడంతా అతడి మీద మోపేశారు. పరాయివాడిని భూతంగా చూపే ఈ సులువు పని ఇంత శ్రద్ధగల చిత్రానికి తగదు.

ప్రశ్న (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు): ఆ డబ్బున్న అమ్మాయి సయెకో ఎవరో చివరిదాకా చెప్పరు. ఇది ప్రేక్షకులను మోసగించడం కాదా?

జవాబు: మరికో కగా పోషించిన ఈ పాత్ర గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. డబ్బుంది, పందెం పెంచితే కళ్లు మెరుస్తాయి, అర్ధరాత్రి ముక్కూమొహం తెలియని కారుతో పోటీపడి పగలబడి నవ్వుతుంది. పోలీసులు దాడి చేసిన రాత్రి మురాకితో దంపతుల్లా ఒకే పడకలో దాక్కుంటుంది, అయినా వారి మధ్య ఏమీ జరగదు. ఆమె మత్తుమందు వైపు జారుతోందని తెలిసి, అంతకు మించిన ఉద్రేకం చూపిస్తానన్నట్టు అతడు ఆమె కళ్లెదుట హత్య చేస్తాడు. ఆ సమయంలో వినిపించేది ఆంగ్ల స్వరకర్త పర్సెల్ రాసిన 17వ శతాబ్దపు సంగీత నాటకంలోని విలాపం. కేకలు వినపడాల్సిన చోట పాట వినపడుతుంది.

రెండేళ్ల తర్వాత, యో చేతిలో ఆమె చనిపోయిందన్న కబురు జైల్లో అతడికి చేరుతుంది. తెచ్చినవాడు ఆమె ఎవరో కూడా చెప్పబోతాడు. మురాకికి అది అక్కర్లేదు. అడిగి తెలుసుకునే అవకాశం ఉన్న ఒకే ఒక్క మనిషి వద్దనుకున్నాక, దర్శకుడు మన చెవిలో రహస్యంగా ఆ పేరు చెప్పి ఉంటే అదే మోసమయ్యేది.