ట్రాకర్ ఉంటే కారు భద్రమేనా? మా కారు పోయిన రాత్రి నేను చూసింది చెబుతాను

మీరు అడిగింది ఇదీ: ఏళ్ల తరబడి డబ్బు దాచుకుని ముచ్చటపడి కొనుక్కున్న కారు, కీలెస్ మోడల్ (తాళం జేబులో ఉంటే చాలు, తీయకుండానే తెరుచుకుని స్టార్ట్ అయ్యేది), రాత్రిళ్లు ఇంటి ముందు ఆరుబయటే ఉంటుంది, మంచి జీపీఎస్ ట్రాకర్ పెట్టిస్తే సరిపోతుందా అని. సరిపోదండీ. ట్రాకర్ వద్దనను, పెట్టించుకోండి. కానీ దాని మీద భారం వేసి నిద్రపోకండి. నేను అలాగే నిద్రపోయాను.

ఆ కారు నాన్నగారు, నేను కలిసి వెళ్లి తీసుకున్నది. ఆయన చివరిగా నడిపింది కూడా దాన్నే. ఆయన నాకంటే పొట్టి, సీటు బాగా ముందుకు జరుపుకుని కూర్చునేవారు. ఆయన పోయాక నేను నడిపిన రోజుల్లో మోకాళ్లు స్టీరింగ్‌కి తగులుతున్నా ఆ సీటు వెనక్కి జరపలేదు. మీది కొత్త కారు, నాది పాతది. అయినా ప్రాణంగా చూసుకునే బండి అంటే ఏమిటో మీకు విడిగా చెప్పక్కర్లేదు.

ఒకరోజు తెల్లవారుజామున మంచినీళ్ల కోసం లేచి కిటికీలోంచి చూస్తే కారు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోన్ తీసి ట్రాకర్ యాప్ తెరిచాను. మ్యాప్‌లో నీలం చుక్క మా ఇంటి మీదే ఉంది! కారు ఇంట్లోనే ఉందంటోంది యాప్, కళ్ల ముందు కారు లేదు. పిచ్చివాడిలా యాప్ మూసి తెరిచి, మూసి తెరిచి, చివరికి ఆ చుక్క చూపిస్తున్న చోటుకి నడిచాను. గేటు పక్కన మొక్కల్లో పడి ఉంది ట్రాకర్. అది డాష్‌బోర్డు కింద, మెకానిక్‌లు కారుని చెక్ చేసే పరికరం తగిలించే ఓబీడీ పోర్టులో గుచ్చే రకం. దొంగలు ఎక్కగానే చేసిన మొదటి పని దాన్ని పీకి బయటికి విసిరేయడం.

తర్వాత గుమ్మం దగ్గరి కెమెరాలో చూశాం. ఇద్దరు వచ్చారు. ఒకడు చేతిలో సంచి లాంటిది పట్టుకుని మా వీధి తలుపు దగ్గర గోడకి ఆనించి నిలబడ్డాడు, రెండోవాడు కారు పక్కన. అద్దం పగలలేదు, అలారం మోగలేదు. లైట్లు ఒకసారి వెలిగాయి, తలుపు తెరుచుకుంది, బండి వెళ్లిపోయింది. నిమిషం కూడా పట్టలేదు. కారు తాళం ఎక్కడుందో తెలుసా? ఆ గోడకి ఇవతలి వైపు మేకుకి వేలాడుతోంది.

దీన్నే రిలే దాడి అంటారు. కీలెస్ కారు తన చుట్టూ ఒకటి రెండు మీటర్ల మేర 'తాళం ఉందా?' అని సన్నని సిగ్నల్ పంపుతూ అడుగుతుంది. ఆ సిగ్నల్‌ని పట్టి మీ గుమ్మం దాకా మోసుకొస్తే లోపలున్న తాళం 'ఉన్నాను' అని నిజాయితీగా జవాబిస్తుంది. ఒకసారి ఇంజిన్ స్టార్ట్ అయ్యాక తాళం దూరమైనా చాలా కార్లు ఆగవు, నడిరోడ్డు మీద ఆగిపోతే ప్రమాదమని అలా పెట్టారు. ఇదేమీ కొత్త సంగతి కాదు. 2011లోనే స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఇది చేసి చూపించారు. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే పద్ధతిలో కార్లు అమ్మారు. జేబులోంచి తాళం తీసే రెండు క్షణాల శ్రమ తగ్గించి, రాత్రంతా మనకి టెన్షన్ మిగిల్చారు. నాకు ఈ విషయంలో కంపెనీల మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. కదలకుండా ఉంటే నిద్రపోయి జవాబివ్వడం మానేసే తాళాలు, దూరాన్ని కచ్చితంగా కొలిచే యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) తాళాలు ఇప్పుడు వస్తున్నాయి. మీ మోడల్‌లో అవి ఉన్నాయో లేదో షోరూమ్‌లో గట్టిగా అడగండి. 'మా కారు చాలా సేఫ్ సార్' అన్న జవాబుతో తిరిగి రావద్దు.

మా కారు తొమ్మిది రోజుల తర్వాత దొరికింది. ఊరికి అవతల ఓ సందులో, కవరు కప్పి, వేరే నంబరు ప్లేటుతో ఉంది. దొంగలు చాలామంది ఇలాగే చేస్తారట. ఎక్కడైనా వదిలేసి, వెతుక్కుంటూ ఎవరైనా వస్తారేమోనని కొన్నాళ్లు చూస్తారట. ఛాసిస్ నంబరు చూసి మాదేనని తేల్చారు. ఒక్క గీత లేదు, అందరూ అదృష్టం అన్నారు. నేను తలుపు తీసి చూస్తే సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది. నాన్నగారు పెట్టుకున్న చోటు సరిగ్గా ఎక్కడో ఎంత ప్రయత్నించినా మళ్లీ కుదరలేదు.

అందుకే చెబుతున్నాను, కారు పోయాక వెతికే వస్తువు కంటే దొంగని అక్కడే ఆపే వస్తువుకి ముందు ఖర్చు పెట్టండి. నా దృష్టిలో మొదటిది స్టీరింగ్‌కి అడ్డంగా వేసే ఇనుప లాక్. పాతకాలపు వస్తువని తీసిపారేస్తారు గానీ, అమెరికాలో ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) లేని కియా, హ్యుందాయ్ కార్లు విపరీతంగా పోతున్నప్పుడు ఆ కంపెనీలే యజమానులకి ఉచితంగా పంచింది ఈ స్టీరింగ్ లాకులనే. దాన్ని కోయవచ్చు, నిజమే. కానీ కోతకి చప్పుడు, సమయం రెండూ కావాలి. అద్దంలోంచి అది కనబడగానే దొంగ పక్క బండి చూసుకుంటాడు.

రెండోది దాచిపెట్టిన కిల్ స్విచ్, అంటే ఆఫ్ చేస్తే ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపేది. తాళాన్ని సిగ్నల్ తగలని పర్సులో పెడితే రిలే దాడి ఆగుతుంది, కానీ అన్నీ ఆగవు. 2022లో లండన్‌లో వాహన భద్రత మీద పనిచేసే ఒక పరిశోధకుడి టయోటా రావ్4నే ఎత్తుకుపోయారు. హెడ్‌లైట్ దగ్గరి వైర్లలోంచి కారు లోపలి నెట్‌వర్క్‌లోకి నకిలీ సందేశాలు పంపే పరికరం వాడారని తర్వాత ఆయనా, ఇంకో నిపుణుడూ కలిసి తేల్చారు. ఆ పద్ధతికి తాళంతో పనే లేదు. స్టార్టర్‌కి వెళ్లే వైరు మధ్యలో మనం పెట్టుకున్న స్విచ్ ఉంటే మాత్రం ఏ సందేశం పంపినా ఇంజిన్ తిరగదు. ఫ్యూయల్ పంపు వైపు కంటే స్టార్టర్ వైపే పెట్టించండి, ఎప్పుడైనా స్విచ్ పాడైతే నడుస్తున్న బండి ఆగిపోకుండా ఉంటుంది. పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, వారంటీ సంగతి ముందే కనుక్కోండి.

పర్సు కూడా కొనండి, కానీ కొన్నాక పరీక్షించండి. తాళం అందులో పెట్టి కారు పక్కనే నిలబడి తలుపు లాగండి. తెరుచుకుంటే ఆ పర్సు దండగ. మడతల దగ్గర అరిగితే కూడా పనిచేయదు, అప్పుడప్పుడూ మళ్లీ చూడండి. స్పేర్ తాళాన్నీ అందులోనే పెట్టాలి, అందరూ మర్చిపోయేది అదే. ట్రాకర్‌ని ఓబీడీ పోర్టులో కాకుండా, సొంత బ్యాటరీ ఉన్నది చూసి చేతికి అందని చోట పెట్టించండి.

ఇంకొక్క మాట. కొత్త కారు ఆనందంలో ఇల్లు, నంబరు ప్లేటు కనబడేలా ఫొటోలు పెడుతుంటారు, ఏమేం బిగించారో కూడా రాస్తారు. కారు చూపించుకోండి, తప్పులేదు. స్విచ్ ఎక్కడుందో మాత్రం ఇంట్లో నడిపేవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పకండి. సర్వీసుకి ఇచ్చేటప్పుడు బండి మామూలుగా స్టార్ట్ అయ్యేలా దాన్ని ఆన్‌లో పెట్టి ఇవ్వండి, వెనక్కి తెచ్చుకున్న రాత్రే మళ్లీ ఆఫ్ చేయండి.