అల్లుడికి: కోల్‌కతా లైన్లో ఏం తినాలి, ఎప్పుడు తినాలి

ఒరేయ్ అల్లుడూ,

హెవీ లైసెన్సు చేతికొచ్చిందనీ, వచ్చే వారం నుంచి కోల్‌కతా లైననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. క్లీనర్‌గా తిరిగినవాడివి, బండి గురించి నీకు నేను చెప్పేదేం లేదు. తిండి సంగతి మాత్రం ఈ లైన్లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, నాకూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

ఒకసారి స్టీలు కడ్డీల లోడుతో సాయంత్రం గాజువాకలో బయల్దేరాను. రాత్రి పదకొండుకి పలాస దగ్గర ధాబాలో ఆపి, ఆకలి మీద ఫుల్ బిర్యానీ, దాని మీద పెరుగన్నం, ఒక కూల్‌డ్రింకు లాగించాను. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లాక, ఒంటిగంటన్నర అయి ఉంటుంది, కళ్లు తెరిచే ఉన్నాననుకుంటున్నాను, అంతలో ఎడమ టైరు రోడ్డు దిగి కంకర మీద గరగరమంది, క్లీనర్ కుర్రాడు లేచి కేక వేశాడు. అద్దంలో చూస్తే వెనక లైటు వెలుగులో దుమ్ము ఎర్రగా లేస్తోంది. ఎంతసేపు నిద్రపోయానో ఇప్పటికీ తెలీదు. 60 స్పీడులో బండి సెకనుకి 16 మీటర్ల పైనే పోతుంది, మూడు సెకన్లు కన్ను మూతపడితే 50 మీటర్లు ఎవరూ నడపని బండేరా అది.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా, మళ్లీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఒళ్లు దానంతట అదే నిద్ర అడుగుతుంది. ఆ టైముకి కడుపులో బరువైన తిండి ఉంటే ఇక కళ్లు నిలవవు. కాబట్టి రాత్రి బండి తీసే రోజున అసలు భోజనం ఇంట్లోనే, బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందే అయిపోవాలి. దారిలో తినేది కొంచెం కొంచెంగా, మూడేసి గంటలకి ఒకసారి తినాలి. ధాబాలో ఆపినా రెండు రొట్టెలు, పప్పు, ఉల్లిపాయ, అంతే. తెల్లన్నం కుప్ప, నూనె తేలే కూర, పకోడీలు ఇవన్నీ బండి ఖాళీ అయి నువ్వు పడుకునే ముందు తిను, ఎవరూ వద్దనరు.

నాకు బాగా పనిచేసింది చోడి అంబలి, అదే రాగి అంబలి. పిండి ముందురోజు నానబెట్టి, నూకలు ఉడుకుతుండగా కలిపి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ వేసుకుంటే కడుపు నిండుతుంది కానీ మత్తు రాదు. ఎండాకాలం అయితే మొదటి పూటకే తాగెయ్, పులిసిపోతుంది. దాంతోపాటు క్యారేజీలో ఉడికించిన గుడ్లు, వేయించిన శనగలు, జామకాయలు పెట్టుకో. స్వీట్లు, కూల్‌డ్రింకులు వద్దు, ఆ హుషారు కాసేపే, తర్వాత ఒళ్లు ఇంకా నీరసపడుతుంది.

మాటిమాటికీ బండి ఆపాల్సొస్తుందని మనవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. అది చాలా తప్పు. నీళ్లు చాలకపోతే తలనొప్పి, తూగు రెండూ వస్తాయి. ఆపు, దిగు, టైర్లు ఒకసారి తట్టి చూసుకో, ఆ రెండు నిమిషాలు కళ్లకి కూడా విశ్రాంతి.

టీ సంగతి. గంటకో టీ కాదు, సరైన టైములో ఒకటి. తాగాక పని మొదలవడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది, ఒంట్లో దాని బలం సగానికి తగ్గడానికే ఐదారు గంటలు. అందుకని ఆవలింతలు మొదలవగానే సరైన చోటు చూసి బండి పక్కకి పెట్టి, టీ తాగి, అలారం పెట్టుకుని పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీయి. లేచేసరికి టీ అందుకుంటుంది. పొద్దున్నే పడుకోవాలనుకుంటే నాలుగింటికి టీ ముట్టకు. మొహం కడుక్కుంటే కాసేపే మెలకువ, అంతకు మించి దాన్ని నమ్మకు. నిద్ర రాకుండా ఎవడైనా బిళ్ల ఇస్తే మాత్రం చేత్తో కూడా తాకకు.

జలుబు బిళ్లల్లో సెట్రిజిన్ లాంటివి మత్తునిస్తాయి, డాక్టర్‌కి నువ్వు డ్రైవర్‌వని ముందే చెప్పు. మీ నాన్నలాగా నీకూ షుగర్ వస్తే, బిళ్ల వేసుకుని తిండి మానేసి బండి ఎక్కకు, షుగర్ పడిపోతే కళ్లు తిరుగుతాయి.

ఇవన్నీ చేసినా తిండి నిద్రకి బదులు కాదురా. 2025 దాకా ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకి ఎనిమిది గంటలే పని, ఐదు గంటలకోసారి అరగంట విరామం అని ఉండేది, నువ్వు ఆ లెక్క తప్పకు. ఓనరు తొందర పెడతాడు, నాకు తెలుసు. లోడు లేటయితే తిట్లు తిను, నాకు ఫోన్ చెయ్యి, ఓనరుతో నేను మాట్లాడతాను.

బయల్దేరే రోజు మధ్యాహ్నమే కూర్మన్నపాలెం ఇంటికి రా. మీ అత్త చోళ్లు ఆడించి ఉంచింది, పెద్ద ఫ్లాస్కు కూడా కడిగి పెట్టాను.

మీ మామయ్య