మొదటి ట్రయాథ్లాన్‌కి ఏ సైకిల్ కొనాలి? ముందు నీళ్లలో ఊపిరి వదలడం నేర్చుకోండి

"వయసు 34, ఐటీ ఉద్యోగం, ఉండేది గచ్చిబౌలిలో, ఇంతవరకూ వ్యాయామం అన్నదే లేదు. ట్రయాథ్లాన్ చేయాలని ఉంది, ఏ సైకిల్ కొనాలి?" అని అడిగారు.

ట్రయాథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు మూడూ వరసగా ఒకే రేసులో. సైకిల్ సంగతి చివర్లో చెప్తాను. మన ఊళ్లో మొదలుపెట్టి మధ్యలో మానేసేవాళ్లు సైకిల్ దగ్గరో, పరుగు దగ్గరో ఆగరు. నీళ్ల దగ్గర ఆగిపోతారు. లక్ష పెట్టి కొన్న సైకిల్ ఆ తర్వాత బాల్కనీలో దుమ్ము పట్టిపోతుంది. అందుకే మొదటి మూడు నెలలు డబ్బూ టైమూ స్విమ్మింగ్ పూల్‌కే పెట్టండి.

మీ మొదటి లక్ష్యం స్ప్రింట్ దూరం: 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. అందరూ చెప్పుకునే గోవా 70.3 (మొత్తం 70.3 మైళ్ల ఐరన్‌మ్యాన్ రేసు) అంటే ఇదే వరసలో 1.9, 90, 21.1 కిలోమీటర్లు. అది రెండో ఏడాదికి పెట్టుకోండి. మొదలుపెట్టే ముందు బీపీ, షుగర్, ఈసీజీ చూపించుకోండి. పదేళ్లు కుర్చీలో కూర్చున్న ఒంటికి ఇది తప్పనిసరి.

ఇక పూల్. అపార్ట్‌మెంట్ పూల్‌ని నమ్ముకోకండి. పదిహేను మీటర్ల పొడవు, నాలుగడుగుల లోతు ఉంటుంది, పది బారలు వేసేలోపు గోడ తగులుతుంది. కాళ్లు ఎప్పుడూ నేలకు అందుతుంటే నీళ్ల మీద భరోసా రాదు. గచ్చిబౌలి స్టేడియంలో 50 మీటర్ల పూల్ ఉంది, మీకు దగ్గర కూడా. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎక్కడా చేరకండి. సమ్మర్ క్యాంపు పిల్లలతో లేన్ అనేదే దొరకదు. బళ్లు తెరిచాక, జూన్ మూడో వారం నుంచి పూల్ ఖాళీ అవుతుంది. డిసెంబరు, జనవరిలో వేడి చేయని పూల్స్‌లో నీళ్లు గడ్డకట్టినట్టుంటాయి కాబట్టి జూన్ నుంచి నవంబరు దాకా ఉన్న ఐదు నెలలూ మీవి.

ఇంకో ఫిర్యాదు కూడా చెప్పాలి. చాలాచోట్ల పెద్దవాళ్లు చేరితే కిక్‌బోర్డ్ (నీళ్ల మీద తేలే పలక) చేతికిచ్చి "కాళ్లాడించండి సార్" అని వదిలేస్తారు. పిల్లల చీలమండలు మెత్తగా వంగుతాయి, వాళ్లకు అది పనికొస్తుంది. రోజంతా కూర్చునే మనిషి పాదం ముందుకు చాపినట్టు వంగదు, కొక్కెంలా నిలబడి నీళ్లను తప్పువైపు నెడుతుంది. గంట కొట్టుకున్నా ఉన్నచోటే ఉంటారు, కొందరు వెనక్కి కూడా పోతారు. పెద్దవాళ్లకు కాళ్ల కంటే ముందు ఊపిరి నేర్పాలి.

పక్క లేన్‌లో కొత్తగా ఈదుతున్న మనిషిని ఒక్కసారి గమనించండి. గుండెల నిండా గాలి పీల్చి, బుగ్గలు ఉబ్బించి, మొహం నీళ్లలో పెడతాడు. ఊపిరి బిగబట్టి ఎనిమిది బారలు వేస్తాడు. ఒక్క బుడగ కూడా పైకి రాదు. తొమ్మిదో బారకి తల మొత్తం పైకెత్తుతాడు. తల లేచిందంటే నడుము దిగుతుంది, కాళ్లు అడుక్కి జారతాయి. ఆ అర సెకనులో పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరవు. సగం గాలి, సగం క్లోరిన్ నీళ్లు లోపలికి పోతాయి. చేతులు పూల్ గోడకున్న రాడ్ కోసం వెతుకుతాయి. "నాకు స్టామినా లేదు" అనుకుంటూ బయటికొస్తాడు. అది స్టామినా సమస్య కానే కాదు. ఊపిరాడడం లేదన్న ఆ గాభరా పుట్టేది ఎక్కువగా ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, వదలని గాలిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నందుకు.

విరుగుడు ఇది. ఛాతీ లోతు నీళ్లలో రాడ్ పట్టుకుని నిలబడండి. నోటితో చిన్న గుక్క గాలి పీల్చి, మొహం ముంచి, ముక్కుతో "మ్‌మ్‌మ్" అని మూలిగినట్టు 3, 4 సెకన్లు బుడగలు వదలండి. మూలుగు ఆగకూడదు, ఆగిందంటే ముక్కులోకి నీళ్లు వస్తాయి. పైకి లేచి మళ్లీ చిన్న గుక్క. ఇలా 20 సార్లు, మూడు విడతలు. మొదటి వారమంతా ఇదే చేయండి, సిగ్గుపడకండి. రెండో వారం చేతులు చాపి బోర్లా తేలడం: చూపు నేరుగా అడుగున ఉన్న టైల్స్ మీద ఉండాలి, ముందుకు చూస్తే కాళ్లు మునుగుతాయి. ఆ తర్వాత పక్కకు తిరిగి పీల్చడం. ఒక కన్ను, గాగుల్స్‌లో ఒక అద్దం నీళ్లలోనే ఉండాలి. ఆరో వారానికి 25 మీటర్లు ఎనిమిదిసార్లు, మధ్యలో 30 సెకన్ల విరామంతో. పన్నెండో వారానికి ఆగకుండా 400. అది వచ్చినవాళ్లకి 750 దూరం కాదు.

గాగుల్స్ కొనేటప్పుడు పట్టీ తలకు తగిలించకుండా కంటికి నొక్కి చూడండి, రెండు సెకన్లు అతుక్కుని ఉంటే అది మీ మొహానికి సరిపోయినట్టే. లోపల వేలితో రుద్దితే మంచు పట్టకుండా ఉండే పూత పోతుంది.

సముద్రం అలవాటు కావాలని గండిపేటలో, హిమాయత్‌సాగర్‌లో దిగొద్దు. కాపాడేవాళ్లెవరూ ఉండరు, అడుగున బురద ఎంత లోతుందో తెలియదు, పైగా అవి మనం తాగే నీళ్లు. పూల్‌లోనే కళ్లు మూసుకుని ఆరు బారలు వేసి ఎటు పక్కకు పోతున్నారో చూసుకోండి. తర్వాత మొసలిలా కళ్లు మాత్రం పైకి తేల్చి ముందుకు చూసి, వెంటనే పక్కకు తిరిగి గాలి పీల్చడం సాధన చేయండి. గాభరా పుడితే వెల్లకిలా తేలడం నిద్రలో కూడా రావాలి.

పరుగు గురించి తక్కువే చెప్తాను. ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక, పదిసార్లు. వారానికి మూడు రోజులు, పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత వేగంతోనే. కేబీఆర్ పార్కు లోపలి మట్టి బాట సిమెంటు రోడ్డు కంటే మేలు. నాలుగైదు వారాలకు ఆయాసం తగ్గుతుంది, ఉత్సాహం వస్తుంది, అక్కడే దెబ్బ తగులుతుంది. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడతాయి, ఎముకలకూ కండర బంధనాలకూ నెలలు కావాలి. ముంగాలి ఎముక మీద వేలితో నొక్కితే ఒక్క చోటే సూదిలా నొప్పెడితే పరుగు ఆపేసి డాక్టర్‌ని కలవండి.

చెమట పట్టి టీషర్టు మీద తెల్ల చారలు కట్టేవాళ్లు ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ తాగొద్దు, రక్తంలో సోడియం పడిపోతుంది. మందుల షాపులో దొరికే 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ పొడి, సరిగ్గా లీటరు నీళ్లలో. ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకుని ఏళ్లపాటు తీపి పానీయాలు అమ్మారు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ పోరాడాకే 2025 అక్టోబరులో ఆ పేరు వాడకుండా ఆపారు. మీరు కొనేటప్పుడు ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

ఇప్పుడు సైకిల్. ఫ్రేమ్ సైజు మీకు సరిపోతే సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్యరకం) అయినా మొదటి స్ప్రింట్‌కి చాలు. పెడల్ అన్నిటికంటే కిందకొచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి, సీటు ఎత్తు అంతే. సీటు తక్కువైతే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది, ఎక్కువైతే మోకాలి వెనక. తొక్కడానికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల పొడవున తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ ఉంది. నీడ ఉంటుంది, బండ్లు ఉండవు. శనివారం అరగంట తొక్కి, దిగిన వెంటనే పది నిమిషాలు పరిగెత్తండి. మొదటి కిలోమీటరు కాళ్లు మీవి కానట్టే ఉంటాయి, అలవాటు చేసుకోవాల్సింది దానికే. రేసులో హెల్మెట్ బకిల్ పెట్టుకున్నాకే సైకిల్ మీద చెయ్యి వేయాలి. ముందు సైకిల్ తీస్తే పెనాల్టీ పడుతుంది.

వెనక చక్రం విప్పి ట్యూబ్ మార్చడం ఇంట్లోనే ఐదుసార్లు చేసి చూడండి. విప్పే ముందు గేరు అన్నిటికంటే చిన్న పళ్ల చక్రం మీదకు తెచ్చుకోండి. కొత్త ట్యూబ్‌కి కొంచెం గాలి కొట్టి, గుండ్రంగా నిలబడ్డాకే లోపలికి నెట్టండి, లేకపోతే మడత పడి టైరు ఎక్కించే లివర్ కింద నలుగుతుంది. అన్నిటికంటే ముందు టైరు లోపలి వైపంతా వేలితో మెల్లగా తడమండి. రోడ్డు పక్క తుమ్మ ముల్లు పైకి కనిపించదు, మొన మాత్రం లోపల ఉంటుంది. అది తీయకుండా బిగిస్తే కొత్త ట్యూబ్ కూడా వంద మీటర్లలో పోతుంది.