మన రక్తమే కదా అనుకోకు చిన్నీ

చిన్నీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి నిన్ను జాయింట్ రీప్లేస్‌మెంట్ వార్డులో నర్సు డ్యూటీకి వేశారని, మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి డ్రెయిన్‌లో, అంటే గాయంలోంచి రక్తం బయటికి లాగే గొట్టం, దాని బ్యాగ్‌లో పడ్డ రక్తాన్ని వాళ్ళకే తిరిగి ఎక్కించే పని కూడా నీకు అప్పజెప్తున్నారని చెప్పింది. ఎంత సంతోషమేసిందో, అంత భయమూ వేసింది, రాత్రంతా నిద్రే లేదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. బ్యాగ్ మీద పేషెంట్ పేరు, ఆస్పత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన ఐపీ నంబరు మంచం పక్కనే నిలబడి రాయి. ఫిల్టర్ ఉన్న సెట్టే వాడు. మొదటి పదిహేను నిమిషాలు అక్కణ్ణుంచి కదలకు. తొందరగా ఎక్కాలని బ్యాగ్‌కి ప్రెషర్ పెట్టకు, లోపల గాలి ఉంటుంది. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి రేపు ఎక్కిద్దాం అనేవాళ్ళుంటారు, వాళ్ళ మాట వినకు.

ఇంక టైము సంగతి. 2008లో, నేను అప్పటికే పన్నెండేళ్ళ సీనియర్‌ని, ఒక పెద్దావిడకి మోకాలు మార్చారు, పూలమ్ముకునే ఆవిడ. పదకొండున్నరకి థియేటర్లోనే డ్రెయిన్ ఓపెన్ చేశారు, రికవరీలో ఉంచి వార్డుకి పంపేసరికి రెండైంది. నేను షీట్‌లో డ్రెయిన్ మొదలైన టైము రెండు అని రాసుకున్నా, థియేటర్ నోట్స్ తిప్పి చూళ్ళేదు. డ్రెయిన్ మొదలైన ఆరు గంటల్లోపు ఎక్కించెయ్యాలని తెలుసు, రాత్రి ఏడింటికి ఇంకా గంట టైముందిలే అనుకుని బ్యాగ్ తగిలించా, నిజానికి అప్పటికి డ్రెయిన్ ఓపెన్ చేసి ఏడున్నర గంటలైపోయింది. సగం కూడా ఎక్కలేదు, పళ్ళు టకటకా కొట్టుకునేంత చలి, జ్వరం 102, బీపీ 90కి పడింది. వెంటనే ఆపి, లైను మార్చి, సెలైన్ పెట్టి డాక్టర్ గారిని పిలిచా. ఆవిడ వణుకుతూనే నా చెయ్యి పట్టుకుని "నా రక్తమే కదమ్మా, నన్నేం చేస్తది" అంది. ఆ మాట ఎక్కించే ముందు ఆవిడకి ధైర్యం చెప్పడానికి నేనన్న మాటే చిన్నీ. తెల్లారేసరికి తేరుకుంది, దేవుడి దయ. టైములోపు ఎక్కించినా కొందరికి జ్వరం వస్తుంది, ఇది లేటు వల్లే అని ఎవరూ తేల్చలేదు, కానీ ఆ షీట్‌లో తప్పు టైము నా చేతి రాతే. ఇప్పటికీ ఆ కాగితం కళ్ళముందు కనపడుతుంది.

ఒంట్లోంచి బయటికొచ్చిన రక్తం ముందున్నట్టు ఉండదే తల్లీ. గది వేడికి సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఎర్ర కణాలు పగిలి హిమోగ్లోబిన్ బయటపడుతుంది, అది కిడ్నీలకి భారం. ఎముక మూలుగలోంచి కొవ్వు కూడా కలుస్తుంది. ఫిల్టర్ ముక్కల్ని పడుతుంది గానీ కరిగిపోయినవాటిని పట్టలేదు. సెల్ సేవర్ మిషన్ అయితే సెలైన్‌తో కడిగి ఎర్ర కణాలే ఇస్తుంది, మీ వార్డులో ఉన్న డ్రెయిన్‌లో ఆ కడుగుడు లేదని మీ అమ్మ చెప్పింది, అందుకే నాకీ గాభరా. కుట్లు వేసేముందు బెటాడిన్‌తో గానీ, లోపలికి ఎక్కించకూడని ఇంకేదైనా మందుతో గానీ కడిగారా అని థియేటర్ సిస్టర్‌ని అడుగు, ఆ కడిగిన నీళ్ళు బ్యాగ్‌లోకి రాకూడదు. కీలులో ఇన్ఫెక్షన్, క్యాన్సర్, సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు) ఉంటే ముందే సార్‌కి చెప్పు, ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్ళని సికిల్ సెల్ టెస్ట్ చేశారా అని తప్పకుండా అడుగు.

ఇంకోటి, ఇప్పుడు రక్తం కారడం తగ్గించే ట్రానెక్సా ఇంజెక్షన్ ఇస్తున్నారు కాబట్టి రక్తం పోవడమే బాగా తగ్గింది, చాలామంది సర్జన్లు డ్రెయినే పెట్టట్లేదు. హెచ్‌బీ, అంటే హిమోగ్లోబిన్, బాగానే ఉన్న పేషెంట్‌కి, బ్యాగ్ ఉంది కదా అని ఎక్కించమంటే, "అవసరమా సార్" అని అడగడానికి మొహమాటపడకు. ఆపరేషన్‌కి ముందే రక్తహీనత చూసి ఐరన్ ఇస్తే సగం గొడవ ఉండదు.

నువ్వేమో చిన్నప్పట్నుంచీ అన్నీ ఆఖర్న రాసే రకం, రికార్డు బుక్కులు పరీక్ష ముందు రాత్రి నేను పక్కన కూర్చుంటేనే పూర్తి చేసేదానివి, నిద్రొచ్చి నా ఒళ్ళోనే పడుకునేదానివి. డ్యూటీ దిగేటప్పుడు గుర్తున్నంత రాసేద్దాంలే అంటే మాత్రం ఊరుకోను. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకో, నేనే పంపుతా. నైట్ డ్యూటీలో తినకుండా ఉంటున్నావంట, ఆ సంగతి విడిగా తిడతా.

మొదటి బ్యాగ్ పెట్టిన రోజు ఎంత రాత్రైనా ఫోన్ చెయ్యి. డ్రెయిన్ ఎన్నింటికి ఓపెన్ చేశారో ముందు అది చెప్పు, తర్వాతే మిగతా కబుర్లు.

నీ పెద్దమ్మ