ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ) చదవాలంటే డిగ్రీలో ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకోవాలి?

అమ్మా, మీ అమ్మాయి ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే జబ్బుతోనో దెబ్బతోనో ఇబ్బంది పడేవాళ్ళకి రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే మనిషి, అవుతానంటోందనీ, తెలిసినవాళ్ళంతా బయాలజీ మేజరే తీసుకోమంటున్నారనీ, పిల్లకేమో సైకాలజీ ఇష్టమనీ రాశారు. సైకాలజీయే తీసుకోనివ్వండి. అమెరికాలో ఓటీ ప్రోగ్రాములకు ఫలానా మేజరే ఉండాలన్న పట్టింపు లేదు. ఏదో ఒక బ్యాచిలర్స్ డిగ్రీ, దానితోపాటు వాళ్ళు అడిగిన కొన్ని కోర్సులు, మంచి జీపీఏ (గ్రేడుల సగటు) ఉంటే చాలు. ఇంటర్లోనే ఎంపీసీ, బైపీసీ అంటూ దారులు విడిపోయి పెరిగినవాళ్ళం కదా, ఈ మాట మనకి ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు.

వాళ్ళు అడిగే కోర్సులు దాదాపు అన్నిచోట్లా ఇవే. అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, ల్యాబుతో సహా. స్టాటిస్టిక్స్. డెవలప్‌మెంటల్ సైకాలజీ, అబ్‌నార్మల్ సైకాలజీ, సోషియాలజీ లేదా ఆంత్రోపాలజీ. కొన్నిచోట్ల మెడికల్ టెర్మినాలజీ, ఫిజిక్స్ కూడా అడుగుతారు. వీటిలో సగం సైకాలజీ మేజర్లోనే వచ్చేస్తాయి. ఏ గ్రేడు కావాలి, అబ్జర్వేషన్ (ఓటీ పనిచేస్తుంటే పక్కనుండి చూడటం) ఎన్ని గంటలు, జీఆర్ఈ ఉందా లేదా అన్నవి ప్రతి యూనివర్సిటీ సైటులోనూ ఉంటాయి, చూసుకోండి.

నేను చెప్పాలనుకున్నది డబ్బు గురించి. కొత్తగా వచ్చినవాళ్ళు మేజర్ గురించి పడే టెన్షన్‌లో పదోవంతు కూడా ఫీజు గురించి పడరు. నా సంగతి వింటే మీకే తెలుస్తుంది.

నాది ఈసీఈలో బీటెక్. పెళ్ళయి హెచ్‌4 మీద, అంటే మావారి వర్క్ వీసాని బట్టి వచ్చే వీసాతో, అమెరికా వచ్చాను. ఓటీ చేయాలనుకున్నప్పుడు మా ఊళ్ళో తెలుగువాళ్ళందరిదీ ఒకటే మాట, "ఇంజినీరింగ్ డిగ్రీతో హెల్త్ సైడ్ ఎవరు తీసుకుంటారమ్మా, మళ్ళీ సైన్స్ డిగ్రీ చెయ్యాల్సిందే" అని. ఇంటికి దగ్గర్లో ఓ ప్రైవేటు యూనివర్సిటీ ఉంటే, అక్కడ బయాలజీలో రెండో బ్యాచిలర్స్‌కి చేరాను. అక్కడి అడ్వైజరు కూడా నాకు ఆ డిగ్రీ అవసరమా అని ఒక్క మాట అడగలేదు. మావారి జీతంలో ఇంటద్దె పోగా మిగిలిందంతా ఫీజుకే పోయేది. ఆర్గానిక్ కెమిస్ట్రీ, జెనెటిక్స్ చదివాను. ఆర్గానిక్‌లో సి వచ్చింది. ఏడాది చివర్లో ఒక ఓటీ ప్రోగ్రాము ఇన్ఫర్మేషన్ సెషన్‌కి వెళ్తే, అక్కడి ప్రొఫెసరు నా కాగితాలన్నీ చూసి, "మీకు బ్యాచిలర్స్ ఉంది కదా, ఈ ఆరు కోర్సులు చేసి అప్లై చేసుకోండి" అంది. ఆర్గానిక్ ఆ ఆరింట్లో లేదు. పైగా ఆ సి గ్రేడు మాత్రం అప్లికేషన్లో ఉండిపోయింది. ఓటీక్యాస్ (ఓటీ ప్రోగ్రాములకు ఉమ్మడిగా అప్లై చేసే ఆన్‌లైన్ పద్ధతి) లెక్కలో అన్ని కోర్సులూ వస్తాయి, మళ్ళీ రాసి మంచి గ్రేడు తెచ్చుకున్నా పాతది కూడా కలుస్తుంది.

మర్నాడే కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి పేరు నమోదు చేయించుకున్నాను. ఆ కోర్సులే, అక్కడ ఫీజు ప్రైవేటు యూనివర్సిటీ ఫీజులో పావు వంతు కూడా లేదు. అన్నిట్లోనూ ఏ తెచ్చుకున్నాను. సీటొచ్చింది, మాస్టర్స్ పూర్తిచేశాను, ఎన్‌బీసీఓటీ పరీక్ష (ఓటీ లైసెన్సుకి రాయాల్సిన జాతీయ పరీక్ష) పాసయ్యాను, ఇల్లు కొనేలోపే అప్పంతా తీర్చేశాను. నాకు చెప్పేవాళ్ళు లేకపోయినా నెగ్గుకొచ్చాను, మీ అమ్మాయికి చెప్పేవాళ్ళున్నారు.

ఈ వృత్తిలో చదువు ఎలా పనికొస్తుందో కూడా చెప్తాను. నేను అబ్జర్వేషన్‌కి వెళ్ళిన నర్సింగ్ హోములో పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిన ఒక పెద్దాయన ఉండేవారు. ఓటీ ఆయనకి చొక్కా తొడుక్కోవడం నేర్పుతోంది. ముందు పడిపోయిన చెయ్యి స్లీవులోకి, ఆ తర్వాత బాగున్న చెయ్యి. విప్పేటప్పుడు దీనికి తిరగేసి. ఆయన మొదటి బొత్తాం పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టినా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టలేదు. ఏ నరం ఏ కండరాన్ని కదిలిస్తుందో తెలియాలి, రెండుసార్లు పెట్టలేక మూడోసారి విసిరికొట్టే మనిషి మనసు కూడా తెలియాలి. అనాటమీ, సైకాలజీ ఇక్కడే అక్కరకొస్తాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ నాకు ఇంతవరకూ ఎక్కడా అక్కరకు రాలేదు.

ఇక మీ లెక్క. ఓటీ లైసెన్సు రావాలంటే ఇక్కడ మాస్టర్స్ గానీ ఎంట్రీ లెవెల్ డాక్టరేట్ గానీ ఉండాలి. మాస్టర్స్ రెండు, రెండున్నరేళ్ళు, డాక్టరేట్ సుమారు మూడేళ్ళు. పరీక్ష ఒకటే, లైసెన్సూ ఒకటే. అందుకే నేనైతే మాస్టర్సే అంటాను. 2023లో ఓటీల మధ్యస్థ జీతం ఏడాదికి 96 వేల డాలర్ల పైచిలుకు. మంచి జీతమే, కానీ డిగ్రీకి లక్షన్నర, మాస్టర్స్‌కి ఇంకో లక్ష అప్పు చేసినవాళ్ళకి అది చాలదు. చివర్లో ఫీల్డ్‌వర్క్ (ఆస్పత్రుల్లాంటి చోట్ల శిక్షణ) 24 వారాలు, ఫుల్ టైమ్, ఎక్కువచోట్ల జీతం ఉండదు. ఆ నెలల అద్దె, కారు, తిండి కూడా లెక్కలో వేసుకోండి.

మీరు ఇంకా గ్రీన్ కార్డు లైన్లోనే ఉన్నామని రాశారు. అలాగైతే పిల్లకి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వమిచ్చే) లోన్లు రావు. 21 ఏళ్ళు నిండితే హెచ్‌4 పోతుంది, ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకి మారాలి, అది ఇప్పుడే లాయరుతో మాట్లాడండి. రేపు గ్రీన్ కార్డు వచ్చినా, 2025లో వచ్చిన చట్టంతో 2026 జులై 1 నుంచి కొత్తవాళ్ళకి గ్రాడ్ ప్లస్ లోన్ (మాస్టర్స్, డాక్టరేట్ చదివేవాళ్ళకి ఇచ్చే ఫెడరల్ అప్పు) లేదు. మామూలు గ్రాడ్యుయేట్ కోర్సులకు ఏడాదికి 20,500, మొత్తం మీద లక్ష డాలర్ల దాకానే ఇస్తారు. మిగతాది మన జేబులోంచో, ప్రైవేటు బ్యాంకు నుంచో రావాలి.

కాబట్టి డిగ్రీ మీ స్టేట్ యూనివర్సిటీలోనే, ఇన్‌స్టేట్ ఫీజుతో (ఆ రాష్ట్రంలో ఉండేవాళ్ళకి తక్కువగా పడే ఫీజు). కుదిరితే మొదటి రెండేళ్ళూ కమ్యూనిటీ కాలేజీలో. కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) తీసుకుంటే అనాటమీ అందులోనే కలిసొస్తుంది, అదీ మంచిదే. సైకాలజీ అయితే ఎలక్టివ్‌లలో అనాటమీ పెట్టుకోవచ్చు. కాకపోతే ఒట్టి సైకాలజీ బ్యాచిలర్స్‌కి వచ్చే ఉద్యోగాల జీతం తక్కువ. ఓటీ సీటు మొదటిసారి రాకపోతే ఒక ఏడాది గడవాలి కదా, అందుకని అకౌంటింగో, డేటా సంబంధమైనదో ఒక మైనర్ (రెండో చిన్న సబ్జెక్టు) చేయించండి. అనాటమీ మరీ ముందుగా చేసెయ్యొద్దు, చాలాచోట్ల అయిదు, పదేళ్ళు దాటిన కోర్సు ఒప్పుకోరు. హైస్కూల్లో ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సు) స్టాటిస్టిక్స్ చేసి ఉంటే, అది లెక్కలోకి వస్తుందో లేదో అప్లై చేయబోయే ప్రోగ్రాములకు మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి. మాటగా చెప్పింది నమ్మొద్దు.

ఇంకొకటి, ఇది వినగానే మన ఇళ్ళలో ముఖం చిట్లిస్తారు. ఓటీ అసిస్టెంట్ అని రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ కోర్సు ఉంది, కమ్యూనిటీ కాలేజీల్లోనే. మీ వీసా కుదుటపడ్డాక పిల్ల ఆ ఉద్యోగం చేస్తూ కూడా బ్యాచిలర్స్, ఆ తర్వాత మాస్టర్స్ చేసుకోవచ్చు. ఫీజు కట్టలేక మధ్యలో మానేసిన పిల్లల్ని చూశాను కాబట్టి చెప్తున్నాను, ఆ దారిని చిన్నచూపు చూడకండి.

ఈ వేసవిలోనే మీ అమ్మాయిని దగ్గర్లోని రిహాబ్ సెంటర్లో వాలంటీరుగా చేర్పించండి. ఆ పని నచ్చకపోతే ఇప్పుడే తెలిసిపోతుంది, పైసా ఖర్చు లేకుండా.