పాత జీన్స్ మీద మిషన్ ఎంబ్రాయిడరీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత జీన్స్ గురించే ఉన్నందున, శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి వదిలేసిన జీన్స్ ప్యాంట్ల మీద పూలు కుట్టి సంచులు చేయాలని మొదలుపెట్టాను. బ్లౌజుల మీద చాలా కాలంగా మిషన్ ఎంబ్రాయిడరీ చేస్తున్నాను గానీ, జీన్స్ దగ్గరికి వచ్చేసరికి సూదులు విరుగుతున్నాయి, దారం తెగుతోంది. వేరే మిషన్ కొనాలా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: కొనవలసిన అవసరం లేదు, సూది మార్చి చూడండి. బ్లౌజు గుడ్డకు వాడే 11 నంబరు సూది జీన్స్‌లోకి దిగేటప్పుడు కొంచెం పక్కకు వంగుతుంది. అలా వంగిన సూదే కింది ప్లేటుకు తగిలి విరుగుతుంది. జీన్స్ కోసమని విడిగా అమ్మే సూదులకు కాడ గట్టిగా, మొన పదునుగా ఉంటుంది. పలుచని జీన్స్‌కు 14 నంబరు, మందపాటి దానికి 16 నంబరు తీసుకోండి. మొన మొద్దుబారితే దారం చీలడం, కుట్లు తప్పిపోవడం మొదలవుతుంది కాబట్టి, సూది విరిగేదాకా ఆగకుండా ముందే మార్చేయండి.

మీ మిషన్‌కు గుడ్డను కింది నుంచి ముందుకు నడిపే పళ్లను దించే వీలుంటే దించి, లేకపోతే కుట్టు పొడవును సున్నాకు తిప్పి, ఎంబ్రాయిడరీ పాదం పెట్టి, గుడ్డను చేత్తో నెమ్మదిగా నడపండి. సూది గుడ్డలో ఉండగా ఫ్రేమును లాగితే ఎంత మంచి సూదైనా నిలవదు. జేబు మూలల్లో ఉండే రాగి రివెట్ల (గుడ్డ పొరలను బిగించే లోహపు బిళ్లల) దగ్గరికి డిజైన్‌ను తీసుకెళ్లకండి. జేబులు చిరిగిపోకుండా ఉండాలని జేకబ్ డేవిస్, లీవై స్ట్రాస్ 1873లో పేటెంటు తీసుకున్న రివెట్లు ఇవే. వాటికి తగిలితే సూది విరగడమే కాదు, ముక్క ఎగిరి కంట్లో పడే ప్రమాదం కూడా ఉంది.

సంచి కోసమైతే ప్యాంటు కాలును నేరుగా కోసుకోవచ్చు. ప్యాంటును ప్యాంటుగానే ఉంచదలిస్తే మాత్రం ఫ్రేము పట్టడానికి ఒక పక్క కుట్టు విప్పక తప్పదు. చాలా జీన్స్‌లో కాలి లోపలి వైపు గుడ్డను మడతపెట్టి రెండు వరుసలు కుట్టి ఉంటారు. బయటి వైపు మామూలుగా కలిపి ఓవర్‌లాక్ చేసి ఉంటారు. బయటి వైపు విప్పితే పని సులువుగా జరుగుతుంది, తిరిగి కుట్టిన సంగతి కూడా పైకి తెలియదు.

ప్రశ్న: నాకు చిన్న కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు ఉంది. ఒకరు సాగే జీన్స్‌తో చేసిన పాత జాకెట్ ఇస్తే, వీపు మీద పట్టు బ్లౌజుకు వాడే నెమలి డిజైన్‌నే కాస్త చిన్నది చేసి, తెల్ల దారంతో వేసి ఇచ్చాను. మొదటి ఉతుకులోనే డిజైన్ చుట్టూ గుడ్డ ముడుచుకుపోయింది, తెల్లని ఈకలు నీలిగా మారాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక షాపు యజమాని, కరీంనగర్

జవాబు: ఇవి రెండు వేరువేరు లోపాలు. జీన్స్ నేతలో పడుగు నీలిరంగుది, పేక తెల్లది. ఆ నీలిరంగు నీటిలో కరగదు, నూలు పోగు నడిమి దాకా ఇంకదు, పోగు పైపొరనే పట్టుకుని ఉంటుంది. అందుకే రాపిడి తగిలిన చోటల్లా అది ఊడివచ్చి పక్కనున్న లేత దారానికి అంటుకుంటుంది. ఉప్పునీళ్లలోనో వెనిగర్‌లోనో నానబెడితే ఈ రంగు నిలిచిపోతుందని చాలామంది నమ్ముతారు గానీ, నీలిమందు విషయంలో ఆ ఉపాయం పనిచేయదు. కుట్టుకు ముందే జాకెట్‌ను తిరగేసి, విడిగా, చల్లని నీటితో రెండు మూడు సార్లు ఉతకండి. తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూసినప్పుడు గుడ్డకు నీలి అంటకపోతేనే లేత దారాలు వాడండి. ఇప్పుడు నీలిబారిన ఈకలను వీలైనంత త్వరగా డిటర్జెంట్ నీటిలో మళ్లీ ఉతికి చూడవచ్చు. బ్లీచింగ్ జోలికి మాత్రం వెళ్లకండి, అది జీన్స్ రంగునే తినేస్తుంది.

ఇక ముడతల సంగతి. సాగే జీన్స్‌లో నూలుతో పాటు కొద్ది పాళ్లలో ఎలాస్టేన్ అనే సాగే పోగు ఉంటుంది. ఫ్రేములో బిగించినప్పుడు సాగిన గుడ్డ, ఫ్రేము విప్పగానే తన కొలతకు తిరిగి వస్తుంది; దాని మీద పడిన కుట్లు మాత్రం అలా తగ్గలేవు. ఇటువంటి గుడ్డను ఫ్రేములో బిగించకుండా, గుడ్డకు ఆధారంగా కింద పెట్టే, ఉతికినా నిలిచి ఉండే కట్‌-అవే కాగితాన్ని ఒక్కదాన్నే బిగించి, దాని మీద జీన్స్‌ను జిగురు స్ప్రేతో పరిచి, చుట్టూ పొడవాటి కచ్చా కుట్టు వేసి, ఆ తర్వాతే డిజైన్ మొదలుపెట్టండి. చించి తీసేసే కాగితం సాగని మందపాటి జీన్స్‌కు చాలు, దీనికి చాలదు.

మీరు ఉత్తరంలో మామూలు విషయంలా రాసిన “కాస్త చిన్నది చేసి” అన్న మాట దగ్గర కూడా ఆగాలి. మిషన్ చదివే డిజైన్ ఫైలులో, అంటే డీఎస్టీ ఫైలులో, సూది ఎక్కడెక్కడ పడాలన్న వివరమే ఉంటుంది. చాలా మిషన్లలో దాన్ని చిన్నది చేస్తే కుట్ల సంఖ్య తగ్గదు, అన్ని కుట్లూ తక్కువ చోటులో ఇరుక్కుని గుడ్డ అట్టలా బిగుసుకుంటుంది. 40 నంబరు దారానికి సాధారణంగా వరుసకూ వరుసకూ మధ్య 0.4 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతారు. జీన్స్ కోసం డిజైన్‌ను సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ చేయించి, ఆ ఎడాన్ని 0.45 దాకా పెంచి, కింద అడ్డంగా పలుచని ఆధారపు కుట్టు వేయించండి. నన్ను అడిగితే, పాత జీన్స్‌కు గీతలతో నడిచే డిజైన్లే నప్పుతాయి. నెమలి ఒంటిని నింపకుండా, ఈకల అంచులను మాత్రమే కుట్టి చూడండి. మధ్యలో కనిపించే వెలిసిన నీలిరంగుకు సాటి వచ్చే దారం నేనింతవరకూ చూడలేదు.

ప్రశ్న: మోకాలి దగ్గర చిరిగిన ప్యాంటుకు ఎంబ్రాయిడరీతో చిరుగు కప్పవచ్చా?
– ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: నేరుగా కప్పకూడదు. ప్యాంటును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. చిరుగు చుట్టూ చాలా మేర గుడ్డ పలుచబడి, తెల్లని పేక పోగులు మాత్రమే మిగిలి ఉండటం కనిపిస్తుంది. ఆ పలుచదనం ఆగిన చోటు నుంచి ఇంకో మూడు సెంటీమీటర్లు దాటేలా, మూలలు గుండ్రంగా చేసి, మరో పాత జీన్స్ ముక్కను లోపలి నుంచి అతికించండి. పడుగు వాటంగా ముందుకూ వెనక్కూ దగ్గర దగ్గరగా మామూలు కుట్టు నడిపి రెండు పొరలనూ ఒకటి చేశాక, పైన పూలో ఆకులో వేసుకోండి. మోకాలు మడిచే చోటు కాబట్టి నిండు కుట్టు వద్దు. అతుకు ముక్క కోసం వెతుకుతుంటే, పాత ప్యాంటు వెనక జేబును విప్పండి. దాని కింద ఎండా రాపిడీ అంతగా తగలని గుడ్డ ఇంకా కొత్త ముదురు నీలంలోనే దొరుకుతుంది.

ప్రశ్న: జరీ దారం మాటిమాటికీ తెగుతోంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కన్ను పెద్దగా ఉన్న సూది వాడి, పై దారం బిగువు తగ్గించి, మిషన్ వేగాన్ని సగానికి దించండి. జరీని అన్ని రంగులూ అయ్యాక చివర్లో వేయండి, తొడలు రాసుకునే చోట అసలే వేయకండి.

ప్రశ్న: కొత్త జీన్స్ చవకగా దొరుకుతుండగా పాతదాని మీద ఇంత శ్రమ ఎందుకని మావారు అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: లీవైస్ కంపెనీ 2015లో తన 501 రకం జీన్స్ గురించి ఒక లెక్క వెలువరించింది. పత్తి సాగు మొదలు ఇంట్లో ఉతుకుల దాకా ఒక్క ప్యాంటుకు 3,781 లీటర్ల నీరు పడుతోందనీ, అందులో మూడింట రెండు వంతులు పత్తి పండించడానికే పోతోందనీ అందులో ఉంది. ఆదిలాబాద్, గుంటూరు, కర్నూలు ప్రాంతాల పత్తి రైతుల నీటి కష్టం తెలిసిన మనకు ఆ అంకె బరువు విడమరచి చెప్పనక్కర్లేదు. ప్యాంటు మరో మూడేళ్లు వాడుకలో ఉంటే, అన్నాళ్లూ ఇంకో ప్యాంటు కొనవలసిన అవసరం తప్పుతుంది.

అయితే మీ వారి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు, ఎందుకంటే ప్రతి పాత జీన్స్ మీదా శ్రమ పెట్టడం మంచిది కాదు. కూర్చునే చోట, తొడల మధ్య గుడ్డ జాలీలా మారిన ప్యాంటు మీద ఎంత అందమైన పని చేసినా, పని చెక్కుచెదరకుండా ఉండగానే గుడ్డ చిరిగిపోతుంది. అటువంటి దాన్ని ప్యాంటుగా నిలబెట్టే ప్రయత్నం మానుకుని, పిక్కల భాగం, వెనక జేబులు, నడుము పట్టీ విడిగా కోసి ఉంచుకోండి. అరుగుదల తక్కువగా ఉండే పిక్కల గుడ్డే సంచికి గానీ దిండు గలీబుకు గానీ బాగా పనికివస్తుంది. డిజైన్‌ను కోసిన ముక్క మీద విడిగా కుట్టుకున్నాకే సంచిగా కలపండి, కలిపిన తర్వాత ఫ్రేము పట్టదు.