చిట్టెలుక మెదడు ఎమ్మారైలో సిగ్నల్ పెంచడం ఎలా?

చెన్నైలోని మీ ల్యాబ్‌లో 9.4 టెస్లా (అయస్కాంత బలం కొలమానం) స్కానర్ ఉన్నా చిత్రాల్లో నాయిజ్ ఎందుకు ఎక్కువని అడిగారు. ముందు కాయిల్ (రేడియో సిగ్నల్ పంపే, అందుకునే తీగచుట్ట) చూడండి. ఒళ్లంతా చుట్టే వాల్యూమ్ కాయిల్‌ని ప్రసారానికే ఉంచి, సిగ్నల్ అందుకోవడానికి తలకి ఆనుకునే చిన్న సర్ఫేస్ కాయిల్ వాడండి. రెండిటికీ యాక్టివ్ డీకప్లింగ్ (ఒకటి పనిచేస్తున్నప్పుడు రెండోదాన్ని ఆపి ఉంచడం) తప్పనిసరి, లేదంటే ఒకదాన్నొకటి చెడగొడతాయి. ట్యూనింగ్ (కాయిల్‌ని స్కానర్ పౌనఃపున్యానికి సరిచెయ్యడం), మ్యాచింగ్ (సిగ్నల్ వెనక్కి తిరక్కుండా కాయిల్‌ని కేబుల్‌కి సరిపెట్టడం) ఎలుకను లోపల పెట్టాకే, 400 మెగాహెర్ట్జ్ దగ్గర చెయ్యాలి. దాని శరీరం కాయిల్ లోడ్‌ని మార్చేస్తుంది. చాలామంది తప్పేది ఇక్కడే. తర్వాత మెదడు వరకే షిమ్మింగ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమంగా సరిదిద్దడం) చెయ్యండి.

యావరేజీలు (అదే స్కాన్‌ని మళ్లీ మళ్లీ తీసి సగటు చెయ్యడం) పెంచడం చివరి మార్గం. వోక్సెల్ (చిత్రంలోని అతిచిన్న ఘనపు ముక్క) అంచులన్నీ సగం చేస్తే సిగ్నల్ ఎనిమిదో వంతే మిగులుతుంది. లాభం యావరేజీల సంఖ్యకి వర్గమూలం మేరకే కాబట్టి, అది పూడాలంటే 64 రెట్లు యావరేజీలు కావాలి. అంతసేపు మత్తులో ఉంచడం ఆ చిన్న ప్రాణానికి మంచిది కాదు.